శబ్దం రాని ఫ్రిజ్‌లో సోడా ఎందుకు చప్పబడుతోంది?

ప్రశ్న: అన్నా, నమస్తే. తిరుపతిలో అలిపిరి పోయే దారిలో మాకు చిన్న నన్నారి సోడా షాపు ఉంది. మొన్నటి దాకా సోడా సీసాలు కొని కలిపేవాళ్ళం. ఎండాకాలం గిరాకీకి అవి చాలడం లేదని మా మరిది వీడియోలు చూసి ఒక సెటప్ చేసిచ్చాడు. ఏదో లాడ్జిలో పాత సామాన్లు అమ్ముతుంటే 3,500కు మినీ ఫ్రిజ్ తెచ్చాడు. మంచి ఫ్రిజ్, అస్సలు శబ్దమే రాదు, కరెంటు కూడా తక్కువ అని చెప్పి ఇచ్చారంట. అందులో తొమ్మిది లీటర్ల స్టీల్ కెగ్, అంటే ప్రెజర్ తట్టుకునే మూత ఉన్న పీపా, పట్టింది. ఫ్రిజ్ పక్క గోడకు రంధ్రం కొట్టి గ్యాస్ పైపు లోపలికి తీశాడు. సోడాకు వాడే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ రెండు కేజీల సిలిండర్ బయట ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో లెవెల్ ట్యూబు రెండు మీటర్లు తెచ్చి, తలుపుకు ఇత్తడి కుళాయి బిగించాడు.

పొద్దున ఏడింటికి సోడా బాగానే వస్తుంది. పదకొండు దాటితే గ్లాసులో సగం నురగే. నురగ దిగాక తాగితే సుర్రుమనదు, చప్పగా ఉంటుంది. మరిది ప్రెజర్ 30 నుంచి 50కి పెంచాడు, ఇంకా చిమ్ముతోంది. సిలిండర్ ఐదు కెగ్‌లకే అయిపోయింది. పొద్దున మొదటి గ్లాసులో ఏదో లోహం రుచి వస్తోందని ఒకరిద్దరు అన్నారు. ఫ్రిజ్ మెకానిక్‌ని పిలిస్తే లోపల గ్యాస్ తగ్గింది, కొట్టించాలి, 2,500 అవుతుందన్నాడు. మరిదేమో ప్రెజర్ ఇంకా పెంచుదామంటాడు. మా ఆయన అదంతా పీకి పారేసి మళ్ళీ సీసాలే తెచ్చుకుందాం అంటున్నారు. ఏం చేయమంటారు?

ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ మెకానిక్‌కు 2,500 ఇవ్వకండి. రెండోది, ఈ రోజే ఆ ఇత్తడి కుళాయి తీయించేయండి. ఎందుకో చెబుతాను, కానీ అంతకంటే ముందు ఫ్రిజ్ సంగతి తేల్చుకోవాలి.

మీ ఉత్తరంలో గుట్టు అంతా ఆ ఫ్రిజ్‌ను మెచ్చుకున్న మాటలోనే ఉంది. అస్సలు శబ్దం రాదన్నారు. కంప్రెసర్ ఉన్న మామూలు ఫ్రిజ్ కాసేపు గుర్రుమంటుంది, కాసేపు ఆగుతుంది, ఆగేటప్పుడు ఒక్కసారి వణుకుతుంది. రాత్రంతా చెవి పెట్టినా ఏ చప్పుడూ లేదంటే అందులో కంప్రెసరే లేదు. ఒకసారి ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి చూడండి. కింద గుండ్రటి నల్ల డబ్బా లేకుండా, నల్లటి ఇనప గొట్టాలు మెలికలు తిరిగి, ఒక పక్క మందపాటి గొట్టం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అది అబ్జార్ప్షన్ ఫ్రిజ్. గొట్టాలు లేకుండా అల్యూమినియం రెక్కలు, చిన్న ఫ్యాన్ మాత్రమే ఉంటే అది థర్మోఎలక్ట్రిక్ ఫ్రిజ్. లాడ్జి నుంచి వచ్చిందన్నారు, ఫ్యాన్ చప్పుడు కూడా లేదన్నారు కాబట్టి నా అంచనా మొదటిదే. రెండిట్లో ఏదైనా మీ కష్టం మాత్రం ఒకటే.

అబ్జార్ప్షన్ ఫ్రిజ్‌లో కదిలే భాగం ఒక్కటీ ఉండదు. లోపల అమ్మోనియా కలిసిన నీళ్ళను ఒక చిన్న హీటర్ మరిగిస్తుంది. ఆవిరైన అమ్మోనియా వెనక గొట్టాల్లో చల్లబడి ద్రవమవుతుంది, ఆ ద్రవం హైడ్రోజన్ ఉన్న భాగంలోకి చేరి మళ్ళీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగుతుంది, తర్వాత తిరిగి నీళ్ళలో కలిసిపోతుంది. 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, ముంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. వేడి పెట్టి చలి పుట్టించడం గొప్ప తెలివే, కాదనను. కానీ వాళ్ళది స్వీడన్, మనది తిరుపతి. హోటళ్ళు దీన్ని ఎందుకు కొంటాయంటే పక్కనే మంచం మీద గెస్టు నిద్రపోతుంటాడు కాబట్టి, ఆ గదిలో ఏసీ నడుస్తుంటుంది కాబట్టి. 24 డిగ్రీల గదిలో రెండు నీళ్ళ సీసాలు, ఒక కూల్ డ్రింకు చల్లగా ఉంచడం దానికి అప్పగించిన పని. దాన్ని మీరు రోడ్డు పక్క 40 డిగ్రీల్లో నిలబెట్టి తొమ్మిది లీటర్లు చల్లబరచమంటున్నారు.

లెక్క చూడండి. తొమ్మిది లీటర్ల నీళ్ళను 32 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దించాలంటే దాదాపు వెయ్యి కిలోజౌళ్ళ వేడి బయటికి పోవాలి. ఇలాంటి చిన్న ఫ్రిజ్ 60 వాట్ల కరెంటు తీసుకుంటే లోపలి నుంచి లాగే వేడి అందులో మూడో వంతు కూడా ఉండదు. గోడల గుండా, తలుపు తీసినప్పుడల్లా లోపలికి వచ్చే వేడిని పక్కన పెట్టినా పద్నాలుగు గంటలు దాటుతుంది. బయట ఎండ ముదిరేకొద్దీ లాగే శక్తి ఇంకా పడిపోతుంది. రాత్రంతా మూసి ఉంచారు, బయట గాలి చల్లబడింది, అందుకే పొద్దున ఏడింటికి సోడా బాగుంది. పదకొండింటికి రెండో కెగ్ నింపి ఉంటారు, ఎండ ఎక్కి ఉంటుంది, ఇక అది మీ గిరాకీని అందుకోలేదు.

కరెంటు తక్కువ అన్న మాటా నిజం కాదు. ఎండలో ఆ హీటర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది. 60 వాట్లు ఇరవై నాలుగు గంటలు అంటే రోజుకు దాదాపు ఒకటిన్నర యూనిట్. ఇంట్లో ఉండే మామూలు సింగిల్ డోర్ ఫ్రిజ్ చాలావరకు అందులో సగం కూడా తాగదు. పైగా వోల్టేజీ తగ్గితే దీని పని ఇంకా చెడుతుంది. 230 రావలసిన చోట 200 వోల్టులే వస్తే హీటర్ వేడి నాలుగో వంతు పడిపోతుంది.

నా మాట మీదే నమ్మాల్సిన పని లేదు. వైరు చివర సెన్సరు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు చేపల తొట్టెలు అమ్మే షాపుల్లో చౌకగా దొరుకుతాయి. జ్వరం చూసేది పనికిరాదు, దానికి అంత చలి తెలియదు. ఒక గ్లాసు నీళ్ళలో సెన్సరు ముంచి ఆ గ్లాసును కెగ్ పక్కనే పెట్టండి. పొద్దున షాపు తీయగానే ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. పొద్దున 7, 8 ఉండి మధ్యాహ్నానికి 15 దాటితే ఇక వాదన అక్కర్లేదు. ఫ్రిజ్ లోపల అంటించిన స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది, అది కూడా చూడండి. ఎన్ అని ఉంటే బయట 32 డిగ్రీల దాకానే దాని పూచీ, ఎస్‌టీ అంటే 38, టీ అంటే 43. రోహిణి కార్తెలో మీ షాపు ముందు నీడలో ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు మెకానిక్ మాట. కంప్రెసర్ ఫ్రిజ్‌లో గ్యాస్ లీకైతే లీకు మూసి మళ్ళీ కొట్టవచ్చు. మీ దానిలో గొట్టాలన్నీ ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ చేసి మూసేస్తారు, అమ్మోనియా, హైడ్రోజన్, నీళ్ళు కొలత ప్రకారం నింపి పంపుతారు. బయట మెకానిక్ కొట్టే గ్యాస్ దానికి పనికిరాదు. నిజంగా లీకై ఉంటే అమ్మోనియా ఘాటు వాసన వస్తుంది, లేదా వెనక గొట్టాల మీద పసుపు రంగు పొడి పేరుకుంటుంది. ఆ పొడి కనిపిస్తే చేత్తో ముట్టకుండా స్విచ్ తీసేయండి, అంతటితో దాని పని అయిపోయింది. మీది పొద్దునపూట చల్లబరుస్తోంది కాబట్టి లీకు ఉండకపోవచ్చు. దాని శక్తి అంతే.

మరిది ప్రెజర్ ఎందుకు పెంచాడో నాకు అర్థమైంది. సోడా చప్పగా ఉంటే గ్యాస్ చాలలేదు అనుకోవడం సహజం. కానీ నీళ్ళలో ఎంత గ్యాస్ కరుగుతుందనేది ప్రెజర్ ఒక్కటే తేల్చదు, చలి కూడా తేలుస్తుంది. 30 పీఎస్ఐ (ప్రెజర్ కొలత ఇది) దగ్గర 4 డిగ్రీల నీళ్ళు తమ పరిమాణానికి నాలుగు రెట్లకు పైగా గ్యాస్‌ను పట్టుకుంటాయి. అదే ప్రెజర్ దగ్గర 30 డిగ్రీల నీళ్ళు రెండు రెట్లే పట్టుకుంటాయి. సరే, ప్రెజర్ 50 చేస్తే వెచ్చటి నీళ్ళలోకి కూడా గ్యాస్ వెళ్తుంది కదా అంటాడు మీ మరిది. వెళ్తుంది. కెగ్‌లో ఉన్నంతసేపు ఉంటుంది. కుళాయి తిప్పి గ్లాసులోకి రాగానే పైన ప్రెజర్ ఉండదు, నీళ్ళు వెచ్చగా ఉంటాయి, గ్యాస్ ఒక్కసారిగా బయటికి దూకుతుంది. మీరు చూస్తున్న నురగ అదే, నురగ దిగాక మిగిలిన చప్పదనమూ అదే. నురగ ఎక్కువ, ఘాటు తక్కువ అన్నది రెండు జబ్బులు కావు, ఒకటే.

దీనికి తోడు ఆ లెవెల్ ట్యూబు. మీ మరిది చూసిన వీడియోలు బీరు కెగ్‌లవై ఉంటాయి. అలిపిరి దారిలో ఆ మాట ఎత్తుతున్నందుకు ఏమనుకోకండి. నిజానికి ఈ స్టీల్ కెగ్‌లు మొదట కూల్ డ్రింకు సిరప్‌ల కోసం చేసినవే, తర్వాత అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు వాటిని పట్టుకున్నారు. మినీ ఫ్రిజ్‌లో కెగ్ పెట్టి తలుపుకు కుళాయి బిగించే సరదా వాళ్ళదే. బీరుకు 10, 12 పీఎస్ఐ చాలు, గ్యాస్ కూడా రెండున్నర రెట్లు ఉంటే చాలు. దానికి సన్న ట్యూబు రెండు, మూడు మీటర్లతో సరిపోతుంది. సోడాకు 30 పీఎస్ఐ కావాలి. ఆ ప్రెజర్ అంతా కెగ్ నుంచి కుళాయి దాకా వచ్చే దారిలోనే మెల్లగా తగ్గిపోవాలి. సన్నటి పొడుగాటి ట్యూబు గోడల రాపిడికి అది తగ్గుతుంది. మేస్త్రీలు గోడ మట్టం చూసే లెవెల్ ట్యూబు లావుగా ఉంటుంది, రెండే మీటర్లు, రాపిడి దాదాపు లేనట్టే. అందుకే కుళాయి తిప్పగానే చిమ్ముతోంది. పైగా అది తాగే నీళ్ళకు చేసింది కాదు, ప్రెజర్‌కు చేసిందీ కాదు. ఎండకు మెత్తబడి ఏదో ఒక మధ్యాహ్నం క్లిప్పు దగ్గర ఊడి వస్తుంది.

దాని బదులు ఆర్వో ఫిల్టర్‌లో వాడే పావు అంగుళం తెల్ల ట్యూబు తీసుకోండి. తాగునీటికి చేసినదే, ప్రెజర్ తట్టుకుంటుంది, లోపలి రంధ్రం నాలుగు మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. ఆరు మీటర్లు తీసుకుని చుట్ట చుట్టి కెగ్ చుట్టూ ఫ్రిజ్ లోపలే ఉంచండి, బయట వేలాడనివ్వకండి. ధార మరీ నెమ్మదిగా వస్తోందనిపిస్తే అర మీటరు చొప్పున కోస్తూ చూసుకోవచ్చు. ముందే పొట్టిగా కోసేస్తే మళ్ళీ అతకలేరు. కుళాయిని ఎప్పుడూ పూర్తిగా ఒకేసారి తెరవాలి. నురగ వస్తోందని సగమే తెరిస్తే ఆ సందులో రాపిడికి ఇంకా ఎక్కువ నురగ వస్తుంది.

ఇత్తడి కుళాయి గురించి. సోడా నీళ్ళు కాస్త పుల్లనివి, కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కలిస్తే ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం రాగిని, ఇత్తడిని కరిగించుకుంటుంది. రాత్రంతా కుళాయిలో నిలిచిన సోడాయే పొద్దున మొదటి గ్లాసులో వచ్చే లోహం రుచి. ఇది రుచితో పోయే సమస్య కాదు, రాగి ఎక్కువైన సోడా తాగితే వికారం, వాంతులు అవుతాయి. పైన మెరుపు పూత ఉన్నా లోపల ఇత్తడే కాబట్టి పూతను నమ్మకండి. గ్యాస్ కలిసిన తర్వాత నీళ్ళు తాకే ప్రతిదీ స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ, తాగునీటికి పనికొచ్చే ప్లాస్టిక్ గానీ అయ్యుండాలి. కుళాయితో పాటు ట్యూబుకు, కుళాయికి మధ్య ఉన్న నట్టు, నిపిల్ కూడా చూడండి, చాలామంది అక్కడే ఇత్తడి వదిలేస్తారు. మార్చేదాకా ఆ కుళాయిలోంచి వచ్చే సోడా అమ్మకండి.

సిలిండర్ ఐదు కెగ్‌లకే అయిపోవడం లీకు వల్లే. తొమ్మిది లీటర్ల కెగ్‌లో నీళ్ళను సోడా చేయడానికి 70 గ్రాముల గ్యాస్, ఆ సోడాను బయటికి నెట్టడానికి ఇంకో 50 గ్రాములు అనుకోండి. రెండు కేజీల సిలిండర్ పదిహేను కెగ్‌ల దాకా రావాలి. గాలి తీయడానికి, అటూ ఇటూ వృథాకు కొంత పోయినా పన్నెండుకు తగ్గకూడదు. ప్రెజర్ 50కి పెంచడం వల్ల కొంత ఎక్కువ పోయి ఉంటుంది, కానీ మిగతాదంతా ఎక్కడో కారుతోంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు బ్రష్షుతో ప్రతి జాయింటుకూ పూయండి, బుడగ లేచే చోట లీకు. ముందు కెగ్ మూత చుట్టూ చూడండి. ఆ మూత రబ్బరు రింగు సరిగ్గా కూర్చోవాలంటే మూత పెట్టగానే కాస్త ప్రెజర్ ఎక్కించాలి, ఖాళీ కెగ్‌కు చేత్తో బిగిస్తే చాలదు. రింగు ఎండిపోయి పగుళ్ళు వచ్చి ఉంటే మార్చేయడమే. తర్వాత గ్యాస్ పైపు కెగ్‌కు తగిలే చోటు, ఆ తర్వాత రెగ్యులేటర్ సిలిండర్‌కు బిగిసే చోట వాషర్.

రెగ్యులేటర్ మీద పెద్ద గేజిని చూసి గ్యాస్ ఎంత ఉందో అంచనా వేయకండి. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉన్నంతకాలం ఆ ముల్లు దాదాపు ఒకే చోట నిలబడుతుంది, ద్రవం అయిపోయాక గబగబా పడిపోతుంది. ఎండకు పైకి, చలికి కిందికి పోతుంది కాబట్టి పొద్దున తక్కువ చూపించిందని కంగారు పడక్కర్లేదు. సిలిండర్‌ను తూకం వేయడం ఒక్కటే దారి. ఖాళీ బరువు ఎంతో సిలిండర్ భుజం మీద చెక్కి ఉంటుంది. నింపించేటప్పుడు వెల్డింగ్‌కు కాదు, కూల్ డ్రింకులకు వాడే ఫుడ్ గ్రేడ్ గ్యాసే కావాలని గట్టిగా అడగండి.

ఇక అసలు ప్రశ్న, ఈ ఫ్రిజ్‌ను ఏం చేయాలి? ఈ సీజన్ గడిచేదాకా దీంతోనే నెట్టుకు రావాలనుకుంటే ఒక దారి ఉంది. దీనికి చల్లబరిచే పని అప్పగించకండి, చల్లగా ఉన్నదాన్ని అలాగే ఉంచే పని మాత్రమే ఇవ్వండి. నీళ్ళను రాత్రే ఇంట్లో పెద్ద ఫ్రిజ్‌లో స్టీల్ క్యాన్లలో పెట్టి చల్లబరిచి, పొద్దున కెగ్‌లో నింపండి. చల్లటి నీళ్ళు నింపి 30 పీఎస్ఐ తగిలించి కెగ్‌ను అటూ ఇటూ బాగా ఊపితే గ్యాస్ తొందరగా కలుస్తుంది. ఊపకుండా వదిలేస్తే కలవడానికి రోజులు పడుతుంది, మరిది ఆ ఓపిక లేకే ప్రెజర్ పెంచి ఉంటాడు. ఊపేటప్పుడు గ్యాస్ పైపు తగిలే వైపు పైకి ఉండాలి, లేకపోతే నీళ్ళు రెగ్యులేటర్‌లోకి ఎక్కుతాయి. ఫ్రిజ్‌ను షాపు ముందు నుంచి లోపలి గోడ దగ్గరికి జరపండి, వెనక జానెడు ఖాళీ వదలండి, పైన ఏమీ పెట్టకండి, మట్టం చూసి నేల మీద సమంగా నిలపండి. ఒరిగితే ఈ రకం ఫ్రిజ్‌లో లోపలి ద్రవం సరిగ్గా తిరగదు. కావాలంటే మరిది దగ్గరున్న లెవెల్ ట్యూబు ఇప్పుడు అసలు పనికి వాడుకోవచ్చు. గోడ రంధ్రం చుట్టూ ఉన్న సందును సిలికాన్‌తో మూయండి. తలుపు రబ్బరు సందులో పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి, తేలిగ్గా వచ్చేస్తే అక్కడ చలి పోతోంది. ఇవన్నీ చేసినా రోజుకు పొద్దున ఒక కెగ్ వరకే. మధ్యాహ్నం రెండో కెగ్ కావాలంటే దాన్ని ఐస్ ముక్కల టబ్బులో నిలబెట్టి అమ్ముకోండి, ఈ ఫ్రిజ్ కంటే అదే నయం.

వచ్చే ఏడాది కూడా ఈ వ్యాపారం ఉంటుందంటే మాత్రం పాత ఐస్‌క్రీమ్ డీప్ ఫ్రీజర్ చూడండి, పైకి మూత తెరుచుకునేది, వంద లీటర్లది చాలు. సింగిల్ డోర్ ఫ్రిజ్ కంటే నా ఓటు దానికే. మూత తీసినా చలి కిందే ఉంటుంది, బరువైన కెగ్ నిలబడటానికి అడుగు గట్టిగా ఉంటుంది, రెండు కెగ్‌లు పడతాయి, ఒకటి అమ్ముతుంటే ఇంకొకటి చల్లబడుతుంది. కానీ అది గడ్డకట్టించే యంత్రం కాబట్టి నేరుగా ప్లగ్ పెట్టకూడదు. ఎస్‌టీసీ 1000 అనే చిన్న టెంపరేచర్ కంట్రోలర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్‌తో దాన్ని మధ్యలో కలిపించండి. 3 డిగ్రీలు సెట్ చేసి, తేడా 2 డిగ్రీలు, కంప్రెసర్ ఆగాక మళ్ళీ మొదలవడానికి మధ్య ఐదు నిమిషాల విరామం పెట్టించండి. దాని సెన్సరు గాలిలో వేలాడదీయకండి, ఒక నీళ్ళ సీసాలో ముంచి ఉంచండి. గాలిలో ఉంటే మూత తీసినప్పుడల్లా కంప్రెసర్ ఆన్ అవుతుంది. మీ వీధిలో వోల్టేజీ ఆడుతూ ఉంటే స్టెబిలైజర్ కూడా తప్పదు, కంప్రెసర్‌కు అది లేకపోతే ప్రమాదం.

ఒక్క మాట మరిదికి గట్టిగా చెప్పండి. ఈ మినీ ఫ్రిజ్‌కు పక్క గోడలో డ్రిల్ పెడితే ఏమీ కాలేదు, ఎందుకంటే దీని గొట్టాలన్నీ వెనకే ఉన్నాయి. వెనక కొట్టి ఉంటే అమ్మోనియా మొహం మీదికి వచ్చేది. కంప్రెసర్ ఫ్రిజ్‌లు, డీప్ ఫ్రీజర్లు చాలావాటిలో వేడి గొట్టాలు పక్క గోడల లోపలే ఉంటాయి, అక్కడ డ్రిల్ దిగితే ఫ్రిజ్ అక్కడికక్కడే పోతుంది. కొత్త రకాల్లో చల్లబరచడానికి వాడే ఆర్ 600ఏ గ్యాస్ మండే గుణం ఉన్నది కూడా. డీప్ ఫ్రీజర్‌కైతే గోడ ముట్టుకోకుండా, మూతకూ పెట్టెకూ మధ్య నాలుగు పక్కలా చెక్క పట్టీ ఎత్తుగా కట్టించి, కుళాయి, పైపులు ఆ చెక్కకే బిగించాలి. వడ్రంగి ఒక పూటలో చేస్తాడు.

నన్నారి సిరప్ కెగ్‌లో ఎప్పుడూ కలపకండి. తీపి ట్యూబులో పేరుకుని పాచి పడుతుంది, కడగలేక చస్తారు. కెగ్‌లో ఒట్టి సోడానే ఉండాలి. గ్లాసులో కలిపే వరుస కూడా చూసుకోండి. నన్నారి వేరులో సహజంగానే నురగ తెప్పించే గుణం ఉంది, నానిన సబ్జా గింజల మీద బుడగలు తొందరగా పుడతాయి. అందుకని ముందు సిరప్, నిమ్మరసం వేసి, గ్లాసు వంచి అంచు వెంబడి సోడా పోసి, సబ్జా ఆఖర్న వేయండి. గ్లాసులు ఎండలో బోర్లించి ఉంచితే ఎంత చల్లటి సోడా పోసినా పొంగుతుంది. పోసే ముందు చల్లటి నీళ్ళతో ఒకసారి తొలవండి.

మీ ఆయన సీసాలే మేలంటున్నారు. వానాకాలంలో గిరాకీ తగ్గినప్పుడు ఆయన మాటే లాభం, కెగ్‌లో సగం సోడా మిగిలిపోయే రోజుల్లో దీని ఖర్చు గిట్టుబాటు కాదు. ఎండాకాలం మాత్రం మీ మరిది ఆలోచన మంచిదే. పనితనం కూడా బాగుంది, తెచ్చిన ఫ్రిజ్ తప్పుది. మరిదిని తిట్టకండి.

చివరిగా సిలిండర్ భద్రత. దాన్ని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, గొలుసుతో గోడకు కట్టాలి, ఎండ తగలకూడదు. రెగ్యులేటర్ లేకుండా నేరుగా కెగ్‌కు గానీ, గాజు సీసాకు గానీ తగిలించే ప్రయోగాలు చేయనివ్వకండి. ఈ గ్యాస్‌కు రంగు లేదు, వాసన తెలియదు, గాలి కంటే బరువు కాబట్టి కారితే నేల దగ్గరే చేరుతుంది. రాత్రి షట్టర్ దించిన షాపులో ఎవరైనా చాప వేసుకుని పడుకునే అలవాటు ఉంటే, సిలిండర్ అక్కడ ఉన్నన్నాళ్ళు అది మాన్పించండి. రోజూ షాపు మూసేముందు సిలిండర్ తల మీది వాల్వు బిగించాలి. ఆ పని మరిదికి వదిలేయకుండా మీరే చూసుకోండి.